కంపు కొట్టని వేలు

ఓటేసిన వేలు మొట్టమొదట ఏ ఊళ్లో కంపు కొట్టిందన్న దాని మీద పల్నాట్లో ఇప్పటికీ వాదులాటలు నడుస్తూనే ఉంటాయి. మా ఊళ్లోనంటే మా ఊళ్లోనని గొంతులు చించుకుంటారు. గొప్ప చెప్పుకోవడానికి ఇంకేం మిగిలింది గనక. ఎవరు ఏ ఊరి పేరు చెప్పినా, ఆ కంపుకు మొదట ముక్కు మూసుకున్నవాడు మాత్రం త్రికోటేశం. ఆ సిరా చేసినవాడూ అతనే కాబట్టి ఆ మర్యాద అతనికి దక్కడం న్యాయమే.

త్రికోటేశం నరసరావుపేట అవతల వర్ణికా రంగుల కంపెనీలో శాస్త్రవేత్త. ఎన్నికలకు కొత్త సిరా కావలసి వచ్చింది. పాత సిరాను జనం లెక్కచేయడం మానేశారు. బొప్పాయి పాలతో తుడిచేవాళ్లు కొందరు, అగ్గిపుల్ల మందు నూరి రుద్దేవాళ్లు కొందరు. ఒక ఊళ్లో పోయి పదకొండేళ్లయిన కరణంగారు పొద్దున ఒకసారి రోలు పార్టీకి, సాయంత్రం ఒకసారి తిరగలి పార్టీకి ఓటేసి, మధ్యలో రెండిడ్లీ తిని మరీ వెళ్లారని చెప్పుకుంటారు. రోలు, తిరగలి అక్కడ రెండు పెద్ద పార్టీల గుర్తులు. ఎందులో పడ్డా నలిగేది గింజే. సరే, ఒక్క జిల్లాలో పరీక్షగా వాడి చూద్దాం, గోరు పెరిగి రాలేదాకా వదలని సిరా చెయ్యమని కంపెనీకి కబురొచ్చింది.

వదలని మరక గురించి త్రికోటేశానికి ఒకరు చెప్పాల్సిన పని లేదు. వాళ్లది రేవులవరం చాకిరేవు. తల్లి అంకమ్మ ఊరందరి బట్టలకూ నల్లజీడి గింజ రసంతో గుర్తులు పెట్టేది. ఈ ఇంటికి రెండు చుక్కలు, ఆ ఇంటికి ఒక గీత. గుడ్డ పీలికలయ్యేది గానీ చుక్క చెరిగేది కాదు. ఆ రసాన్నే పట్టుకున్నాడతను. కానీ రసం వేలి మీద నిలవకుండా జారిపోతోంది. తల్లికి ఫోను చేశాడు.

“మా అత్త బాన తేట కలిపేదిరా. చిక్కబడిద్ది,” అంది అంకమ్మ.

బాన అంటే మురికి బట్టలు చవిటి మట్టితో కలిపి ఉడకేసే పెద్ద కుండ. వాళ్లింటి బానకు నూరేళ్లు. దాన్ని ఎన్నడూ పూర్తిగా కడగరు. పాలకు తోడు వేసినట్టు పాత నీళ్లు దోసెడు అడుగున ఉంచి, వాటి మీదే కొత్త నీళ్లు పోస్తారు. అది ఆ ఇంటి ఆచారం. త్రికోటేశం సీసాడు తేట తెచ్చాడు, వడకట్టాడు, పురుగూ పుట్రా ఉంటే చావాలని గంటసేపు మరగబెట్టాడు. అక్కడే తప్పులో కాలేశాడు. నూరేళ్లు ఉడుకుతూ బతికిన పురుగుకు అతని గాజు గిన్నె పండగనాటి తలంటు అయింది.

ఓట్లు పడ్డాయి. మర్నాడు ప్రయోగశాలలో అటెండరు సాంబయ్య స్టూలు మీద కూర్చుని ఫోనులో నాయకుల తగువు చూస్తున్నాడు. చచ్చిన ఎలుకను నానిన గోనెసంచిలో కట్టి వారం తర్వాత విప్పినట్టు గుప్పుమంది.

“సాంబయ్యా, ఏం పగలగొట్టావయ్యా?”

“నేనేం ముట్టుకోలా సార్. ఈ తిరగలి నాకొడుకుల మాటలింటుంటే నా ఒళ్లు మండిపోతాంది, అంతే.”

త్రికోటేశం ఆ కంపు వెంట ముక్కు పెట్టుకుని వెళ్తే సాంబయ్య ఎడమ చూపుడు వేలి దగ్గర తేలాడు. ఫోను లాగేసుకున్నాడు.

“మీ గేదె ఈనిందన్నావు గదా. ఏం దూడ?”

“పెయ్యదూడ సార్. నుదుటి మీద చుక్క. దాని తల్లి ఉంది చూశారూ, ముందు దాని ముడ్డి నాకిందాకా నన్ను దగ్గరికి రానివ్వలా,” అంటూ సాంబయ్య మొహం విప్పారింది. కంపు తగ్గింది, ఆగిపోయింది.

“మరి తిరగలి పార్టీ సంగతేంది?”

మళ్లీ గుప్పుమంది. ఈసారి త్రికోటేశం కిటికీ తెరిచి, అందులోంచి తల బయటపెట్టి ఆలోచించాడు.

నాలుగు రోజుల పాటు సూక్ష్మదర్శినికి కన్ను అతికించుకుంటే సంగతి తేలింది. బానలోని పురుగు చెమట తాగి బతుకుతుంది. మామూలు చెమట తాగి మామూలుగా ఉంటుంది. పగతో పట్టిన చెమట తాగితే కడుపు ఉబ్బి గాలి వదులుతుంది. రేవులవరం ముఠా తగాదాల్లో రెండు వైపుల చొక్కాలూ మూడు తరాలుగా ఆ ఒక్క బానలోనే నానాయి. పగ చెమట రుచి ఆ పురుగుకు తెలిసినట్టు ఏ డాక్టరుకూ తెలియదు. గోరు పెరిగి పోయేదాకా, అంటే కనీసం మూడు నెలలు, అది వేలు వదలదు.

ముందు భయపడ్డాడు. తర్వాత, చెప్పకూడదు గానీ, కొంచెం మురిశాడు. కంపు పుట్టిన మొదటి వారం జిల్లా ఎంత ప్రశాంతంగా ఉందని. టీ కొట్ల దగ్గర వానల గురించీ, బర్రెల గురించీ మాట్లాడుకున్నారు. టీవీ వాళ్లు చర్చ పెడితే స్టూడియోలో కెమెరా పట్టుకున్నవాడు పదో నిమిషంలో వాంతి చేసుకుని పరుగెత్తాడు. పగపట్టడానికి జనం సిగ్గుపడతారు, ఇక పార్టీల పిచ్చి వదులుతుంది అనుకున్నాడు త్రికోటేశం. చదువుకున్నవాడు గదా, అట్లాగే అనుకుంటాడు.

రెండో వారంలో జిల్లా రోలు పార్టీ పెద్దాయన మైకు ముందు నిలబడి అన్నాడు. “కంపు కొట్టేవాడే కార్యకర్త. కంపు కొట్టనివాడు కోవర్టు.” మర్నాడు తిరగలి పార్టీ పెద్దాయన అదే మాట, నాలుగు మెట్లు పైకెక్కి అన్నాడు. అంతే. వాసన కమిటీలు పుట్టాయి. కార్యకర్తల వేళ్లు వరుసగా మూచూసి, ఘాటును బట్టి పదవులిచ్చారు. మా వాడి వేలికి ఈగ చచ్చిందంటే మా వాడి వేలికి బల్లి చచ్చిందని గొప్పలు పోయారు. కంపు కొట్టే వేలితో పిల్లల బుగ్గ నిమిరి ఫొటోలు దిగారు. పెళ్లిళ్లలో వియ్యాలవారి వేళ్లు మూచూసి గానీ విస్తరి వెయ్యలేదు. త్రికోటేశానికి అన్నం సయించడం మానేసింది. ముద్ద నోటిదాకా వచ్చి ఆగిపోయేది.

ఇంతలో రేవులవరం పక్క ఊళ్లో పింఛను తీసుకుంటున్న డ్రిల్లు మాస్టారొకాయన వేలు కంపు కొట్టలేదని తేలింది. ఆయనకు ఎవరి మీదా పగ లేదట. కుడి కాలు రోలు వాళ్లు విరగ్గొట్టారు, ఎడమ కాలు తిరగలి వాళ్లు విరగ్గొట్టారు. అయిదేళ్లలో రెండు పార్టీలూ కలిసి పూర్తి చేసిన పని ఆ మండలంలో అదొక్కటే.

ఆ వార్త విన్న రోజే త్రికోటేశం సెలవు పెట్టి, ఖాళీ సీసాలు సంచిలో వేసుకుని రేవులవరం బస్సెక్కాడు. పురుగు పుట్టిన బానలోనే విరుగుడు కూడా ఉంటుందేమోనని ఆశ.

రేవులవరంలో అన్నీ రెండేసి. నీళ్ల ప్లాంట్లు రెండు, టీ కొట్లు రెండు, మంగలి కుర్చీలు రెండు. శవాన్ని పెట్టే ఐసు పెట్టెలు కూడా రెండు. తిరగలి వాడు పోతే కుళ్లిపోతాడు గానీ రోలు వాళ్ల పెట్టెలో పడుకోడు. త్రికోటేశం అన్న ఏడుకొండలు రోలు పార్టీ మండల అధ్యక్షుడు. అక్క నాగేంద్రమ్మ మొగుడు వీరాంజనేయులు తిరగలి పార్టీకి ఆ ఊళ్లో కర్తా కర్మా క్రియా. రెండిళ్లకూ మధ్య ఒకే గోడ. అయిదేళ్ల కిందట ఎవరి ఫ్లెక్సీ ఎవరి నాయకుడి మొహానికి అడ్డం కట్టారన్న దాని మీద మాట పోయింది. అప్పటినుంచీ నాగేంద్రమ్మ పుట్టింటి గడప తొక్కలేదు. గోడకు అటు అన్నం ఉడికితే ఇటు వాసన వస్తుంది, అంతవరకే చుట్టరికం. అంకమ్మ ఇద్దరికీ దూరంగా కాలవ ఒడ్డున రేకుల ఇంట్లో ఉంటుంది. ఊళ్లో రెండు లేనిది ఆవిడ బాన ఒక్కటే.

మే నెల. మిట్టమధ్యాహ్నం. కాకి కూడా నీడ దిగని వేళ. త్రికోటేశం బాన ముందు గొంతుక్కూర్చుని తేట తోడుతుంటే, తలకు తువ్వాలు చుట్టుకుని వెనక దొడ్డి దారిన ఏడుకొండలు వచ్చాడు.

“ఒరే కోటేశా. ఇట్రా. వాసన చూడు,” అని వేలు మొహం మీద పెట్టాడు.

“నీది కూడా నేను చూడాలా అన్నా? జిల్లా అంతా చూసొచ్చా.”

“చూడరా అంటే.”

త్రికోటేశం ఊపిరి బిగబట్టి, మెల్లగా వదిలి, మూచూశాడు. చుట్ట వాసన. ఇంకేం లేదు.

“ఏం లేదే.”

“అదేరా నా ఖర్మ.” ఏడుకొండలు బట్టల మూట మీద కూలబడ్డాడు. “మూడేళ్లయింది నాలో ఆ మంట చచ్చి. మా పెద్దాయన మన చెరువు మట్టి తవ్వించినప్పుడు సగం చచ్చింది. ఆ లారీలు తిరగలి పెద్దాయన బామ్మర్దివని తెలిసినప్పుడు మిగతా సగం.”

“మరి జెండా ఇంకా ఎందుకు మోస్తన్నావు?”

“దించితే నన్ను కొట్టేదెవరనుకున్నావు? తిరగలోళ్లు కాదు. మనోళ్లే.”

“ఇన్నాళ్లూ ఎట్టా నెట్టుకొచ్చావు మరి?”

“ఎండు రొయ్యల పొట్టు,” అన్నాడు ఏడుకొండలు తల దించుకుని. “రోజూ వేలికి రుద్దుకుంటన్నా. నీకు చూపియ్యాలని ఇప్పుడే కడుక్కొచ్చా. మీ వదిన మంచం వాకిట్లో వేసింది. నాది కాదు, ఆమెది. దోమలైనా నయమంట.”

లోపల బియ్యం ఏరుతున్న అంకమ్మ నవ్విందో దగ్గిందో తెలియలేదు.

“ఆదివారం పొద్దున పదింటికి సెంటర్లో వేళ్ల పరీక్ష,” అన్నాడు ఏడుకొండలు. “పెద్దాయన స్వయంగా వస్తన్నాడు. మొదటి వేలు నాది. బయటి ఊళ్లనుంచి కర్రలోళ్లను తెస్తన్నారు. డ్రిల్లు మాస్టారి కాళ్ల సంగతి విన్నావుగా. నీ పురుగుతో గట్టి కంపేదన్నా చేసివ్వు. ఎవరికీ చెప్పబాక. మరీ ముఖ్యంగా ఆ గోడవతలోడికి. వాడి వేలు కుళ్లిన బర్రెలాగా కంపుకొడతాంది, వాడికేం.”

అన్న వచ్చిన దారినే పోయాడు. పావుగంట కాలేదు. ముందు గుమ్మంలోంచి, గొడుగు మొహానికి అడ్డం పెట్టుకుని వీరాంజనేయులు వచ్చాడు.

“ఏమోయ్ కోటేశం, ఒకసారి వాసన చూడు.”

త్రికోటేశం చూశాడు. పొగాకు, కొంచెం ఆవకాయ.

“బావా, నీక్కూడానా?”

“నాక్కూడా అంటే? ఇంకెవరికి?”

“ఎవరికీ లేదులే. చెప్పు.”

వీరాంజనేయులు చెప్పుకొచ్చాడు. అదే కథ. అదే చెరువు, అవే లారీలు, అదే ఆదివారం, అదే పదిగంటలు. ఇతను వాడేది రొయ్యపొట్టు కాదు, మురగబెట్టిన కోడిగుడ్డు. అదొక్కటే తేడా. ఇతనూ వేలు కడుక్కునే వచ్చాడు. “మీ అన్నకు మాత్రం తెలియనీకు. ఆయన వేలు కంపుకు మా ఇంట్లో పాలు విరిగిపోతన్నయి. గోడ దాటి వస్తంది. నిజమైన పార్టీ మనిషంటే ఆయనే, ఏం చేస్తాం,” అన్నాడు, కొంచెం అసూయగా.

ఆ మధ్యాహ్నమూ మర్నాడు మధ్యాహ్నమూ రేకుల ఇంటి వెనక దొడ్డి దారి ఖాళీ లేదు. తలకు తువ్వాళ్లు, మొహానికి గొడుగులు, కొంగు ముసుగులు. ఒకడు బయటికి పోయేదాకా ఇంకొకడు గడ్డివాము చాటున నిలబడ్డాడు. రోలు వార్డు మెంబరు వచ్చాడు. తిరగలి వాసన కమిటీ కార్యదర్శి వచ్చాడు. ఊరందరి వేళ్లకూ మార్కులేసే మనిషి, తన వేలికి రాసుకోవడానికి చచ్చిన చేప దొరకట్లేదని కంటనీళ్లు పెట్టుకున్నాడు. అందరిదీ ఒకటే మాట. నాలో పగ లేదు, ఎదటివాడిలో ఉంది, వాడికి తెలిస్తే నన్ను చంపుతాడు.

శనివారానికి త్రికోటేశానికి లెక్క తేలింది. ఊరిలో నిజంగా కంపు కొట్టే వేలు ఒక్కటీ లేదు. ఒకడికి భయపడి ఇంకొకడు, ఇంకొకడికి భయపడి వీడు, ఊరంతా కూడబలుక్కోకుండానే రొయ్యపొట్టు రాసుకుని, ముక్కులు మూసుకుని బతుకుతోంది.

“అమ్మా, పిలిచి అందరికీ చెప్పేస్తే అయిపోయిద్ది గదా. అన్నకూ బావకూ అన్నా చెప్పు.”

“చెప్పను,” అంది అంకమ్మ.

“ఎందుకని?”

“రేవులో చూసింది రేవులోనే ఉండాలి. మీ తాత రక్తం చొక్కాలుతికాడు. నేను అంతకన్నా పాడు మరకలుతికా. ఏ ఇంటి మురికి ఏందో పక్కింటికి చెప్పామా? చెప్పిన రోజున మన బానలో గుడ్డ పడదు. మనిషన్నోడికి ఒక్క చోటన్నా తన మురికి విప్పి పెట్టుకునే జాగా ఉండాలా వద్దా?”

“రేపు అన్న కాళ్లు విరగ్గొడితే?”

ఆవిడ లేచింది. రొయ్యపొట్టు దంచి, కోడిగుడ్డు మురుగు కలిపి, చవిటి మట్టితో ముద్ద చెయ్యడం మొదలుపెట్టింది. త్రికోటేశం ఆ ముద్దను ఎండలో పెట్టి గడియారం చూశాడు. రెండు గంటలు ఊరు లేచిపోయేటంత కంపు. ఆ తర్వాత ఎండకు చౌడు పొంగి కంపును తినేస్తోంది. చాకలి మట్టి గదా, దాని బుద్ధి అది. మురికి కనపడితే ఊరుకోదు.

“ఇది రెండు గంటలే నిలబడుతోందమ్మా. ఇంకేదన్నా కలుపుతా ఉండు.”

“చాల్లేరా. పదింటికేగా అన్నారు. తొమ్మిదిన్నరకు రాసుకుంటారు. ఆయనొస్తాడు, చూస్తాడు, పోతాడు. ఎంతసేపు?”

లెక్క సరిగానే ఉందనిపించి త్రికోటేశం ఊరుకున్నాడు. చదువుకున్నవాడు గదా.

ఆదివారం తొమ్మిదిన్నరకు ఊరి మొత్తం ఎడమ చూపుడు వేలికి అంకమ్మ ముద్ద అంటింది. సెంటర్లో రోడ్డుకు ఇటు రోలు పార్టీ వేదిక, అటు తిరగలి పార్టీ వేదిక. ఒకరి పరీక్ష ఒకరు చూసి కుళ్లుకోవాలని ఎదురెదురుగా వేశారు. పది గంటలకు లేచిన కంపు అంతా ఇంతా కాదు. ఊరి కుక్కలు పొలిమేర దాటాయి. ఎగురుతున్న కొంగ ఒకటి నిలువునా కిందపడి, లేచి, నడుచుకుంటూ పోయిందట. దాన్ని చూసినవాళ్లున్నారు. జనం వేళ్లు పైకెత్తి, కళ్ల వెంట నీళ్లు కారుతుండగా నినాదాలిచ్చారు. కర్రలవాళ్లు తృప్తిగా తలలూపి ముక్కులకు గుడ్డలు కట్టుకున్నారు.

పదిన్నర అయింది. పెద్దాయనలు రాలేదు. పదకొండయింది. “బయల్దేరారు” అని మైకులో చెప్పారు. పదకొండున్నరకు మళ్లీ “బయల్దేరారు” అన్నారు. పన్నెండుకు త్రికోటేశం గాలి పీల్చి చూశాడు. చవిటి మట్టి వాసన తప్ప ఇంకేం తగల్లేదు. వేదిక మెట్ల మీద నిలబడ్డ అన్న మెల్లగా వేలు ముక్కు దగ్గరికి తెచ్చుకుని, రంగు మారిన మొహంతో తమ్ముడి కోసం వెతుక్కోవడం కనపడింది. రోడ్డవతల బావ కూడా అదే పని చేస్తున్నాడు. ఇద్దరి వెనకా కర్రలు.

టీ కొట్టు అరుగు మీద కూర్చున్న తల్లి దగ్గరికి త్రికోటేశం పరుగెత్తాడు.

“అమ్మా, ముద్ద ఇంకేమన్నా మిగిలిందా?”

“లేదు.”

“ఆయన పదింటికి రాడని నీకు ముందే తెలుసు.”

“నాకెట్టా తెలుసుద్దిరా,” అంది అంకమ్మ, రోడ్డు వైపే చూస్తూ. “పదింటికొస్తానన్నోడు పదింటికొస్తే అందరూ కంపుకొట్టేవోళ్లే. నేనేమన్నా తగ్గించి పెట్టానా?” ఆవిడ చేతులు మాత్రం కొంగును మెలిపెడుతూనే ఉన్నాయి. పందెంలో పెట్టింది సొంత కొడుకునూ అల్లుణ్ణీ అని ఆవిడకూ తెలుసు.

ఒంటిగంటన్నరకు కార్లు వచ్చాయి. రెండు పార్టీల కార్లూ ఒకే దారిన, ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ఇద్దరు పెద్దాయనలూ దిగి, ఎవరి వేదిక వైపు వాళ్లు నడిచారు. నెల రోజులుగా వాసన తప్ప ఇంకో పని చేయని ఊరది. ముక్కులు కత్తుల్లా పదునెక్కి ఉన్నాయి. రోలు పెద్దాయన ముందునుంచి పోతుంటే గాలిలో పన్నీరు, మటన్ పులావు, పాన్‌లో గుల్కందు. జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

పెద్దాయన వేదికెక్కి ఏడుకొండలు భుజం తట్టాడు. “మా సింహం. ఏదీ, వేలివ్వు.” ఇచ్చాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. రెండోసారి పెట్టుకున్నాడు. చిరునవ్వు అట్లాగే ఉండి కళ్లు మారిపోయాయి.

“ఇదేందయ్యా? పసిబిడ్డ వేలులాగుంది.”

మైకు దగ్గరగా ఉండటంతో ఆ మాట ఊరంతా విన్నది. కర్రవాడొకడు ముందుకు కదిలాడు. త్రికోటేశం జనాన్ని తోసుకుంటూ వేదిక ఎక్కేశాడు. “సార్, సిరా చేసింది నేను. అది ఎండకు చెడిపోయింది. తప్పు నాది సార్, ఆయనది కాదు.”

“నువ్వుండరా,” అన్నాడు ఏడుకొండలు.

“అన్నా.”

“ఉండమన్నానా. నీ సిరా బాగానే ఉంది. నాలోనే ఏం లేదు. మూడేళ్లుగా లేదు. ఇన్నాళ్లూ రొయ్యపొట్టు రాసుకున్నా.” అతను చెయ్యి చాపాడు. “మీ వేలొకసారి ఇటివ్వండి సార్.”

పెద్దాయన ఇవ్వలేదు. ఏడుకొండలే పట్టుకున్నాడు. రేవులో గుడ్డ పిండిన చెయ్యి, విడిపించుకోవడం అయ్యే పని కాదు. వంగి మూచూశాడు. చాలాసేపు చూశాడు.

“మీదాంట్లోనూ ఏం లేదే. మరి ఆ తిరగలోణ్ణి నరకమని మాకు చెప్పినప్పుడు కూడా లేదా సార్?”

కర్రవాడు కర్ర ఎత్తాడు. అప్పుడే రోడ్డవతలి వేదిక మీదనుంచి కేక వినపడింది. వీరాంజనేయులు తన నాయకుడి చెయ్యి పట్టుకుని నిలబడి ఉన్నాడు.

“మావోడి దగ్గరా ఏం లేదు బావా. పన్నీరు కొడతాంది.”

బావా అన్న మాట ఆ రోడ్డు దాటి అయిదేళ్లయింది. ఏడుకొండలు అటు తిరిగి, “పులావా?” అని అడిగాడు.

“పులావే. మటన్ది. గుల్కందు కూడా.”

“ఇద్దరూ ఒకే పంక్తిలో తిన్నారంటావా?”

“పెళ్లి భోజనమే. వాళ్లను తోలుకొచ్చిన డ్రైవరిక్కడే ఉన్నాడు. అడుగు.”

డ్రైవరును ఎవరూ అడగలేదు. అవసరం లేకపోయింది. రోడ్డుకు రెండు వైపులా జనం ముందు తమ వేళ్లు మూచూసుకున్నారు, తర్వాత పక్కవాడి వేలు మూచూశారు. వాసన కమిటీ కార్యదర్శి తన వేలు తనే పైకెత్తి, “సున్నా,” అన్నాడు. ఎత్తిన కర్రకు ఎదురుగా రెండు మూడు వందల వేళ్లు లేచాయి. ఇన్ని కాళ్లు విరగ్గొట్టడం ఎవరి వల్ల అవుతుంది. కర్రవాడు దాన్ని దించి, దానికే ఆనుకుని నిలబడ్డాడు.

త్రికోటేశం ఇప్పుడు భయపడాల్సింది భయపడ్డాడు. ఈ జనం పగ ఇక పెద్దాయనల మీదికి తిరుగుతుంది, రాళ్లు లేస్తాయి, అసలైన కంపు ఇప్పుడు పుడుతుంది అనుకుని గాలి పీల్చాడు. పుట్టలేదు. ఎవరూ రాయి తియ్యలేదు, తిట్టలేదు. అన్నంలో వెంట్రుక వస్తే కంచం పక్కకు నెట్టినట్టు మొహాలు పక్కకు తిప్పుకున్నారు. పగకు చెమట పడుతుంది. రోతకు పట్టదు. బానలో పుట్టిన పురుగుకు కూడా ఆ జనం వేళ్ల మీద తాగడానికేమీ దొరకలేదు. ఒక్కొక్కరే చెప్పుల్లో కాళ్లు పెట్టుకుని ఇళ్లకు నడిచారు.

“ఇది తిరగలి వాళ్ల కుట్ర,” అని మైకులో మొదలుపెట్టాడు ఒక పెద్దాయన. “ఇది రోలు వాళ్ల కుట్ర,” అని అవతలి మైకు అదే క్షణంలో అంది. ఖాళీ అవుతున్న రోడ్డు మీద రెండు మైకులూ ఒకదాన్నొకటి తిట్టుకుంటూ ఉండిపోయాయి.

ఆ మధ్యాహ్నం నాగేంద్రమ్మ అయిదేళ్ల తర్వాత పుట్టింటి అరుగు మీద అన్నకు, తమ్ముడికి, మొగుడికి వరుసగా కంచాలు పెట్టింది. దోసకాయ పప్పు, పచ్చిమిరపకాయ, మజ్జిగ. అంకమ్మ గడప మీద కూర్చుంది. బావలిద్దరూ ఎదురెదురుగా కూర్చుని తలలు వంచుకుని తింటున్నారు. మాటలు లేవు. అయిదేళ్లుగా ఇద్దరికీ నోట్లో ఆడినవి పార్టీ మాటలే. అవి తీసేస్తే ఏం మాట్లాడాలో ఇద్దరికీ తెలియడం లేదు. త్రికోటేశం ఆ నిశ్శబ్దం చూడలేక పప్పులో ఉప్పు చాల్లేదన్నాడు. చాలిందని నాగేంద్రమ్మ అంది.

వీరాంజనేయులు మిరపకాయ కొరికి, “ఈ ఏడు మిరపేస్తన్నావా బావా, పత్తా?” అన్నాడు.

“కాలవ ఎప్పుడొదులుతారో తెలియందే ఏం వేస్తాం.”

“ఎప్పుడంట?”

“ఎవరూ చెప్పట్లా.”

“మీ పెద్దాయన్ని అడగలేదా? పొద్దున లేస్తే ఆయన వాకిట్లోనే గదా ఉండేది.”

ఏడుకొండలు ముద్ద కలపడం ఆపాడు. చెయ్యి కంచంలోనే ఉంది. అయిదేళ్ల పొద్దుల్లో అది అడిగిన రోజు ఒక్కటన్నా ఉందేమోనని వెతుక్కున్నాడు.

“లేదు,” అన్నాడు చివరికి. “నువ్వో?”

వీరాంజనేయులు మజ్జిగ గ్లాసు ఎత్తి, తాగకుండానే కింద పెట్టాడు.

“నేనూ అడగలా,” అన్నాడు.